చచ్చి బతికిన మాక్ షూన్

మాక్ షూన్ చావని సినిమా నేను చూడలేదు. హాంకాంగ్‌లో, కౌలూన్ వైపు కొండ మీది స్టూడియోలో ఇరవై రెండేళ్లు కత్తివీరుల బట్టలు చూసుకున్నదాన్ని నేను. కొత్తవి కుట్టడం తక్కువ, చిరిగినవి అతకడం ఎక్కువ. ఆ చిరుగుల్లో సగం షూన్‌వే. తెల్ల అంగీ వేసుకున్న వీరుడు ఒక్కడే నిలబడి నలభై మందిని నరికితే, అందరికంటే ముందు ఎగిరిపడే బందిపోటు వాడే. సత్రం మేడ మీద నుంచి బల్లలు విరగ్గొట్టుకుంటూ కింద పడేదీ వాడే. ఒకే సినిమాలో గడ్డంతో ఒకసారి, గడ్డం లేకుండా ఒకసారి, ఒక కంటికి గంత కట్టుకుని ఇంకోసారి చచ్చాడు.

"జనం గుర్తుపడతారేమోరా" అంటే, "మొహం చూసే టైమెక్కడిస్తా అక్కా, పుటుక్కున పోతాగా!" అని నవ్వేవాడు.

ఏడేళ్లప్పుడు వాళ్ల నాన్న వాణ్ని ఫోషాన్ ఊళ్లో ఒక నాటక బృందానికి అప్పజెప్పాడు. గురువు బెత్తం కింద పదేళ్లు పిల్లిమొగ్గలు నేర్చాడు. జనం నాటకాలు మానేసి సినిమాలకు ఎగబడ్డాక బృందం చెదిరిపోయింది, వీడు మా కొండెక్కాడు. హీరో అవుదామని ఎప్పుడూ అనిపించలేదట్రా అని అడిగాను ఒకసారి. "నా ముక్కు చూశావా అక్కా?" అన్నాడు. నిజమే, అది వీరుడి ముక్కు కాదు. కానీ పడటంలో వాడి తర్వాతే ఎవరైనా. కత్తి నిజంగా దిగిందని జనం నమ్మేది హీరో కత్తి తిప్పినందుకు కాదు, వీడు పడినందుకు. ఈ మాట హీరోల మొహం మీదే అన్నాను, నాకేం భయం!

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. తెర కోసం చచ్చినవాడికి, షాట్ అవగానే, ఎర్ర కవరులో నాణెం పెట్టి రెండు చేతులా ఇవ్వాలి. దాంతో అదే రోజు మిఠాయి కొనుక్కుని తినేస్తే, వేషంలోని చావు వేషంతోనే పోతుంది. మిగతావాళ్లు లేచి దుమ్ము దులుపుకుని తీరిగ్గా తీసుకునేవారు. షూన్ మాత్రం కవరు చేతిలో పడందే నేల వదిలేవాడు కాదు. ఒకప్పుడు వాడూ పట్టించుకునేవాడు కాదు. ఏటి ఒడ్డున చచ్చిన ఒకనాడు, హడావిడిలో కవరు మరిచిపోయి ఇంటికెళ్లాడు. ఆ వారమే భార్య యూక్-పింగ్‌కు కడుపు పోయింది. దానికీ దీనికీ సంబంధముందా అంటే నేను చెప్పలేను. ఆ తర్వాత ఐదేళ్లు ఆమె నెల తప్పలేదు. ఆ ఐదేళ్లూ వాడు నవ్వుతూనే చచ్చాడు, నాకే చూడబుద్ధయ్యేది కాదు.

అరవై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలంలో పింగ్‌కు తొమ్మిదో నెల. ఒక రోజు, కంపెనీ తరఫున కవర్లు ఇచ్చే మేనేజరు సెలవులో ఉన్నాడు. దర్శకుడు యిమ్ కొత్తవాడు, పదేళ్లు విదేశంలో చదివొచ్చాడు. హీరో హౌ తింగ్ సంగతి చెప్పనే అక్కర్లేదు, పొగరుబోతు, ఎవరితోనూ పలకడు. సత్రం ముంగిట్లో హౌ కత్తి దూశాడు, షూన్ గాల్లో గిర్రున తిరిగి పడ్డాడు. షాట్ బ్రహ్మాండం అన్నారు. మిగతా శవాలన్నీ లేచి నీళ్లు తాగడానికి వెళ్లాయి. షూన్ లేవలేదు.

"ఏమయ్యా, దెబ్బ తగిలిందా?" అని యిమ్ పరుగెత్తుకొచ్చాడు.

"లేదండీ. కవరు ఇవ్వలేదు."

"సాయంత్రం ఇప్పిస్తాలే. లే, తర్వాతి షాట్‌కి టైమైపోతోంది."

"ఇచ్చాకే లేస్తానండీ."

మిట్టమధ్యాహ్నం ఎండ. మా రక్తమంటే చక్కెర పాకంలో ఎర్ర రంగు. చీమలు బారులు కట్టి వాడి మెడ మీదికి ఎక్కుతున్నాయి. అంతలో గేటు కాపలా తాత రొప్పుకుంటూ వచ్చాడు.

"ఒరేయ్ షూన్! మీ పక్కింటావిడ ఫోన్ చేసింది. నీ పెళ్లానికి నొప్పులొచ్చాయంట, ఆసుపత్రిలో చేర్చారంట. కష్టంగా ఉందంటున్నారు, నిన్ను తొందరగా రమ్మంటున్నారు!"

"లేరా వెధవా, పరుగెత్తు!" అని అరిచాను.

వాడు కదల్లేదు. రెండు చేతుల్తో మట్టి గట్టిగా పట్టుకున్నాడు. "శవాన్నై ఎలా వెళ్లనక్కా దాని దగ్గరికి?" అన్నాడు.

"ఇదెక్కడి పిచ్చయ్యా బాబూ!" అని యిమ్ తల పట్టుకున్నాడు. గబగబా బల్ల దగ్గరికెళ్లి, చేతికందిన కవరులో నాణెం వేసి తెచ్చి, వాడి గుండెల మీద పెట్టాడు. తెల్ల కవరు.

మాలో తెల్ల కవరు చావింట్లో పంచేది.

"నీ చేతులు పడిపోను!" అన్నాను. దర్శకుణ్నే అన్నాను, ఇప్పటికీ వెనక్కి తీసుకోను. షూన్ దాన్ని ముట్టుకోలేదు. "తీసెయ్యండి, తీసెయ్యండి" అంటూ బావురుమన్నాడు. పక్కటెముకలు విరిగినప్పుడు కూడా ఏడవనివాడు. అప్పుడు అర్థమైంది యిమ్‌కు తను చేసిన పని. కవరు లాక్కుని, "మా అమ్మమ్మ చూస్తే నన్ను పాతిపెట్టేది" అని గొణిగాడు పాపం.

మర్నాటి షూటింగ్‌కని కుట్టిన పెళ్లికూతురి పావడా నా ఒళ్లో ఉంది. మంచి ఎర్ర పట్టు. ఉద్యోగం పోతే పోనీ అనుకుని కత్తెరతో చరచరా ఓ ముక్క కోసి, నాలుగు కుట్లు వేసి సంచిలా చేశాను. కానీ నేనిస్తే చెల్లదు, చంపించినవాళ్లో చంపినవాడో ఇవ్వాలి, నేను వాణ్ని చంపలేదుగా! ఎవరివ్వాలా అని చూస్తుంటే నా చేతిలోంచి ఎవరో దాన్ని తీసుకున్నారు. చూస్తే హౌ తింగ్.

"చంపింది నేను. ఇవ్వాల్సింది నేనే" అన్నాడు.

అందులో నాణెం వేసి, పొద్దున్నే నేను ఇస్త్రీ చేసిన తెల్ల అంగీతో ఆ దుమ్ములో మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులా పట్టుకున్నాడు. "తీసుకో షూన్ అన్నా. బిడ్డ వచ్చేస్తోంది, లే." ఆ మనిషికి వాడి పేరు తెలుసని ఆ రోజే తెలిసింది మాకు. ఆనాటి నుంచి హౌను నేను పొగరుబోతు అనడం మానేశాను.

షూన్ లేచాడు. లేవడమేమిటి, గేటు దగ్గరే ఉన్నాడు! బండివాడి దగ్గర నువ్వుల చిక్కీ కొని, నములుతూ, ఏడుస్తూ స్టూడియో వ్యానెక్కాడు. వీడు ఒంటరిగా ఏమైపోతాడోనని నేనూ ఎక్కాను. ఆసుపత్రి మెట్ల మీదే నర్సులు వాణ్ని చూసి కెవ్వుమన్నారు. ఇద్దరు పట్టుకుని బలవంతంగా స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు.

"నేను బతికే ఉన్నానమ్మా! మా ఆవిడ ఎలా ఉందో చెప్పండి!" అని వాడు గింజుకుంటున్నాడు.

"కదలకండి, రక్తం పోతుంది!" అని వాళ్లు.

"అది చక్కెర పాకం తల్లీ, కావాలంటే నాకి చూడు!" అని నేను. వాళ్లను నమ్మించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

పింగ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. కానీ కళ్లు తెరిచి ఉన్నాయి. పక్కన గుడ్డలో చుట్టిన ఆడపిల్ల, గుప్పెడంత మొహం. మొగుణ్ని పైనుంచి కిందికి చూసింది. మెడ మీద ఇంకా చీమలు పాకుతున్నాయి.

"రేపు కూడా చావాలా?" అని అడిగింది.

"ఎల్లుండి" అన్నాడు షూన్. "రేపు సెలవు పెడతా."

ఆమె పిల్లను వాడికి అందించబోయింది. మేడల మీద నుంచి, గుర్రాల మీద నుంచి, ఎక్కడ పడమంటే అక్కడ పడినవాడు, ఒక్క క్షణం ఆగమని చెప్పి, గోడకు ఆనుకుని నేల మీద చతికిలబడి, అప్పుడు చేతులు చాపాడు.

"ఇప్పుడివ్వు" అన్నాడు. "నిలబడితే పడిపోతానేమో."