డస్ట్ కలెక్టర్‌కి నేను చేసిన పూజ

మొన్న శుక్రవారం నేను చేసిన ఘనకార్యం నా నోటే వినండి. మా తణుకులో ఇప్పటికే రెండు మూడు రకాలుగా చెప్పుకుంటున్నారంట. వాళ్ళు చెప్పగా వింటే మరీ సిగ్గుచేటు!

రిటైరయ్యాక వంటింటి పక్కన రేకుల షెడ్డులో చెక్కపని మొదలెట్టాను కదా. పీటలు, స్టూళ్ళు, ఫోటో ఫ్రేములు. నా ప్రాణమంతా అక్కడే. మా ఆవిడ రమణికేమో ఉబ్బసం. రంపంపొట్టు గాల్లోకి లేచిందంటే చాలు, గుండెల్లో పిల్లికూతలు మొదలు. ఓ రోజు తేల్చి చెప్పేసింది. "ఏమండీ, ఇంకొక్కసారి నాకు ఆయాసం వచ్చిందా, ఆ షెడ్డుకి తాళమే."

అందుకే డస్ట్ కలెక్టర్ కొన్నాను. రంపం దగ్గర గొట్టం పెడితే పొట్టంతా పీల్చేసి పెద్ద గుడ్డసంచిలోకి తోసేస్తుంది. వారం రోజులు బ్రహ్మాండంగా పనిచేసింది. రమణి ఒక్కసారి దగ్గితే ఒట్టు! సంచి మాత్రం సగానికి పైగా నిండింది. ఎప్పటికప్పుడు ఖాళీ చేయాలని మిషన్‌తో వచ్చిన పుస్తకంలో రాశారు. రేపు చేద్దాంలే అనుకున్నాను.

అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? కొత్త మిషన్ని పూజ చేయకుండానే వాడేస్తున్నామే అని బుద్ధి పుట్టింది. శుక్రవారం పొద్దున్నే దాన్ని తుడిచి, పసుపు రాసి, బొట్లు పెట్టాను. ఎర్రటి స్టిక్కరు ఒకటి అడ్డమొస్తే దాని మీదే పెద్ద బొట్టు పెట్టాను. నిప్పు దగ్గరికి తేవద్దని రాసిన స్టిక్కరు అదేనని తర్వాత తెలిసింది. అరటిపండుకి మూడు అగరొత్తులు గుచ్చి, వెలిగించి, రంపం బల్ల మీద పెట్టాను. సరిగ్గా గొట్టం మూతి ముందు!

"ఏమండీ, ఆ అగరొత్తులు తీసేసి స్విచ్ వేయండి," అంది రమణి గుమ్మంలోంచి.

"నాకు తెలీదేంటి? ముప్ఫై ఏళ్ళు పిల్లలకి సైన్సు చెప్పినవాణ్ణి!"

స్విచ్ వేసి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాను. కళ్ళు తెరిచేసరికి అగరొత్తులకి కొనల్లేవు. గాలికి ఆరిపోయుంటాయిలే అనుకుని, మిషన్ ఆపి పులిహోర తినడానికి వెళ్ళాను.

మారు వడ్డించుకుంటుంటే మాడు వాసన. "పోపు మాడ్చావా ఏంటి?" అని రమణినే అన్నాను, ఛీ! షెడ్డులోకి వెళ్తే సంచిలోంచి సన్నగా పొగ. ఆ నిప్పు కొనల్ని గొట్టం పీల్చేసిందన్నమాట! ఇప్పుడు చూడండి నా తెలివి. పీల్చేసే మిషనే కదా, పొగని కూడా పీల్చేస్తుందని మళ్ళీ స్విచ్ వేశాను! లోపల రాజుకుంటున్న పొట్టుకి విసనకర్ర పెట్టి విసిరినట్టయింది. సంచి భగ్గుమంది. పొగంతా వంటింట్లోకి కొట్టింది.

పక్కింటి రాజుగారు గోడ మీంచి కేకేశారు. "మాస్టారూ! ముందు మెయిన్ ఆపండి!"

ఆపాను. ఆయనే ట్యూబు లాక్కొచ్చి నీళ్ళు కొట్టారు. సంచి బూడిదైంది, షెడ్డు దక్కింది. హమ్మయ్య అని వెనక్కి తిరిగితే, రమణి వంటింటి గోడకి చేరబడి కూర్చుంది. ఊపిరి అందట్లేదు. పెదాలు నల్లబడ్డాయి. రాజుగారి కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. దారంతా ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

మాస్కు పెట్టి మందు పట్టారు. గంటకి తేరుకుంది. డాక్టరు నన్ను ఎగాదిగా చూసి అడిగాడు. "ఇంట్లో ఎవరైనా సిగరెట్లు కాలుస్తారాండీ?"

రమణి మాస్కు పక్కకి లాగి, ఆయాసపడుతూనే చెప్పింది. "లేదండి. మావారికి అలాంటి అలవాట్లేం లేవండి. పూజలు చేస్తారు."

షెడ్డుకి తాళం పడింది. ఆవిడ వేయలేదు. నేనే వేసి, తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టాను. నాలాంటి మేధావికి అగ్గిపెట్టె ఇవ్వడమే ఎక్కువ, రంపం కూడానా!