పడవవాడు వెనక్కి చూశాడని రాయనివ్వలేదు

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. అంతకుముందే రెండెకరాల పోడు పోగొట్టుకున్నాను. అడవి అంచున నేను చెట్లు కొట్టి, దున్ని చేసుకున్న చెలక అది. ఎన్నేళ్లుగా దున్నుతున్నానో నోటితో ఎంత మొత్తుకున్నా అటవీ అధికారులు వినలేదు. పక్క చెలక వాడు కాగితం చూపించి తనది నిలబెట్టుకున్నాడు. అప్పటినుంచి అచ్చులో ఉన్నదే చెల్లుతుందని నా మనసులో పాతుకుపోయింది. ఆ బుద్ధితోనే నా మనవరాలిని ముంచాను.

అది సారపాకలో పదో తరగతి చదువుతుండేది. వాళ్ల బడి నుంచి ఒక్క పిల్లకు ఖమ్మంలో ఇంటర్ సీటు, హాస్టలుతో సహా ఉచితమన్నారు. ఇంగ్లీషు పాఠం మీద వ్యాసం బాగా రాసినవాళ్లకే అది. పాఠం ఒక పడవవాడి కథ. వరదలో ముసలమ్మను ఏరు దాటించి, కిరాయి వద్దంటాడు.

పరీక్షకు వారం ముందు, తను రాసుకున్నది నాకు తెలుగులో చెప్పింది.

"మంచోడని గాదు తాతా వాడు పైసలు వద్దన్నది. ఏరు దాటేదాక మూడుసార్లు ఎనక్కి జూస్తడు. ఆ ఒడ్డున ఎవర్నో ఇడిచిపెట్టి వచ్చిండు. సిగ్గయ్యి వద్దన్నడు."

"గైడుల గట్లనే ఉన్నదా?"

"లేదు. దయగలోడని ఉన్నది. మేడం సొంతంగ రాయమన్నది, పాఠంల ఏడ దొరికిందో చూపియ్యమన్నది."

"అచ్చేసినోనికంటె నీకెక్కువ ఎరుకనా? పెద్ద పంతులమ్మవు! గైడు బట్టీ పట్టు."

రెండు రోజులు మొండికేసింది. నేను వదల్లేదు. నాకు ఇంగ్లీషు ముక్క రాదు. అయినా గైడు చేతిలో పట్టుకుని ఎదురుగా కూర్చునేవాణ్ని. అది ఎక్కడైనా తడుముకుంటే "మళ్ల మొదట్నించి" అనేవాణ్ని.

పేపర్లు దిద్దాక మేడం మమ్మల్ని పిలిపించింది. బల్ల మీద ఆరు పేపర్లు పరిచింది.

"చూడు పెద్దాయనా, ఆరుగురివీ ఒకటే మాటలు. మీ పిల్ల క్లాసుల ఎంత మంచిగ చెప్పింది! గదే రాస్తదనుకున్న. ఎందుకు రాయలేదంటే నోరిప్పదు."

మనవరాలు నా పక్కనే నిలబడి ఉంది. నా వంక చూసింది.

"భయపడ్డట్టుంది మేడం," అన్నాను నేను.

అది తల దించుకుంది. సీటు వేరే పిల్లకు పోయింది. బట్టీ పట్టించింది నేనేనని మేడంకు ఈ రోజుకీ చెప్పలేదు.

ఇప్పుడు మనవరాలు రోజూ బస్సెక్కి పాల్వంచ పోయి ఇంటర్ చదువుతోంది. గోడకు ముఖం పెట్టి, ఎవరూ చెప్పకుండానే బట్టీ పడుతుంది. మార్కులు బాగానే పడుతున్నాయి. మొన్న ఒక తల్లి కథేదో తెలుగులో పైకి చదువుతుంటే పక్కన కూర్చుని అడిగాను.

"ఆ తల్లి చేసిన పని నీకెట్లనిపించింది బిడ్డా?"

"నాకెట్లనిపిస్తే ఏంది తాతా? మార్కులు పడాలె గదా," అంది.

ఆ మాటలో కోపం కూడా లేదు. కోప్పడితే బాగుండేది.