జసింత పళ్ళెం

సిస్టర్ జసింతను పూడ్చిపెట్టి వచ్చిన సాయంత్రం, భోజనాల గదిలో ఆమె కూర్చునే చోట పళ్ళెం పెట్టి, పక్కన చిన్న సిలువ ఉంచి, మొదటి వడ్డన అందులోనే వడ్డించింది సిస్టర్ ఇన్యాసమ్మ. నరసాపురంలోని ఆ కాన్వెంటులో ఒక సిస్టర్ చనిపోతే నెల్లాళ్ళపాటు ఆమె భోజనం ఆమెకు వడ్డించి, ఆ పళ్ళెం ఆకలితో ఉన్నవారికి పెట్టడం పాత ఆచారం. తిన్నవాళ్ళు "అమ్మగారి ఆత్మకి శాంతి" అంటే చాలు, అది పోయినవారికి చేరుతుందని నమ్మకం.

పాత ఆచారం అంటే ఇప్పుడు లేదనే. ఇరవై మంది తిరిగిన ఇంట్లో ముగ్గురు మిగిలారు. మడమల దాకా ఉండే అంగీలు పోయి చీరలు వచ్చాయి. జసింత ఊళ్ళో ఆడపిల్లలకి లేసు అల్లిక నేర్పిన గది కంప్యూటర్ గది అయింది. ఇన్యాసమ్మ జీవితమంతా వంటింట్లోనే గడిచింది. ఎవరు ముందు పోతే వాళ్ళ పళ్ళెం రెండోవాళ్ళు చూసుకోవాలని తనూ జసింతా ఎప్పుడో మాట ఇచ్చుకున్నారు.

ఇంటికి పెద్దయిన సుపీరియర్ సిస్టర్ ప్రిస్కిల్లా వయసులో చిన్నది, మంచిది. "ఇప్పుడెవరూ చెయ్యట్లేదు సిస్టర్. మీ మనశ్శాంతి కోసం చేసుకోండి" అంది. ఆ మంచితనం కంటే వద్దనడమే నయం.

వాచ్‌మన్ రాముడు రోజూ పళ్ళెం అందుకుని "ఆయ్, తినేత్తానండి" అనేవాడు. ఖాళీ పళ్ళెం చూశాక గానీ ఇన్యాసమ్మ ప్రాణం కుదుటపడేది కాదు. ఒకరోజు కరివేపాకు కోసం పెరట్లోకి వెళ్తే, జసింత అన్నాన్ని కోళ్ళు పొడుచుకు తింటున్నాయి.

"తప్పయిపోయిందండి. పోయినోళ్ళ పేరు చెప్పి పెట్టిన అన్నం కదండి, మా ఇంటిది ముట్టుకోవద్దందండి. మీ మొహం చూసి కాదనలేకపోయేనండి" అన్నాడు రాముడు.

ఇన్నాళ్ళూ జసింత ఆత్మకి శాంతి అన్నవాళ్ళే లేరన్న సంగతి ఇన్యాసమ్మ గుండెల్లో గుచ్చుకుంది.

మర్నాడు భోజనం క్యారేజీలో సర్దుకుని రేవుకి వెళ్ళింది. వీరమ్మ అనే ముసలావిడ అక్కడ ఎండుచేపలు అమ్ముతోంది. ఒకప్పుడు కాన్వెంటు గుమ్మంలో కూర్చుని ఇలాంటి పళ్ళేలు ఎన్నో తిన్న మనిషే.

"నాకెందుకండి అమ్మగారూ? పింఛనొత్తంది, బియ్యమిత్తన్నారు. ఇంకా ఒకళ్ళ పళ్ళెంలో తినమంటారేంటండీ?" అని నవ్వేసింది.

ఊళ్ళో ఆకలి తగ్గినందుకు దేవుడికి స్తోత్రం చెప్పాలి. ఇన్యాసమ్మ చెప్పింది కూడా. చెప్పి, క్యారేజీ తెరవకుండానే కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొచ్చింది.

ఆకలితో ఉన్నవాళ్ళు తినాలి, అంతే కదా. మర్నాడు పొద్దున ఆమె కాఫీ తాగలేదు, టిఫిను తినలేదు, మధ్యాహ్నం గంట కొట్టినా బల్ల దగ్గరికి పోలేదు. అసలే షుగరు మనిషి. సాయంత్రం జసింత పళ్ళెం పట్టుకుని, వెనకటికి బీదవాళ్ళు కూర్చునే వంటింటి గుమ్మం బయట నేల మీద చతికిలబడింది. అన్నం, పప్పు, చల్లారిపోయిన దొండకాయ వేపుడు, మెతుకు మిగల్చకుండా తింది. "అమ్మగారి ఆత్మకి శాంతి" అని పైకే అంది.

ప్రిస్కిల్లా కంగారుగా వచ్చి పక్కనే కూర్చుంది. "ఏంటి సిస్టర్ ఇది? కళ్ళు తిరిగి పడిపోతే ఏం గతి?"

"నేను పోయాక నా పళ్ళెం నువ్వు తింటావా అమ్మా?" అని అడిగింది ఇన్యాసమ్మ.

ప్రిస్కిల్లాకి అబద్ధం చెప్పడం చేతకాదు. "వచ్చే ఏడాది ఈ ఇల్లు మూసేస్తున్నారు సిస్టర్. మిమ్మల్నెక్కడికి పంపుతారో, నన్నెక్కడ వేస్తారో నాకే తెలీదు."

ఇన్యాసమ్మ ఎంగిలి చెయ్యి కడుక్కోకుండా అలాగే కూర్చుంది. జసింత పోయిన రోజున రాని ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది. ఆ ఏడుపు జసింత కోసం కాదు.