సుభద్ర గారి పెరుగు గిన్నె

పెరుగు గిన్నె కబురు నాకు మొదట మోసుకొచ్చింది తాలియా, వడ్డించే అమ్మాయి. మీ ఫ్రెండ్ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి స్టీలు గిన్నె తీస్తోందని చెప్పింది.

పదేళ్ళ కిందటి చలికాలం. అప్పటికి నేను మెల్‌బోర్న్‌లో ఒక ఖరీదైన కోషర్ రెస్టారెంట్‌లో ఆకుకూరలు పరీక్షించే పనిలో చేరి మూడేళ్ళు. యూదుల ఆహార నియమం ప్రకారం ఆకులో పురుగు ఉండకూడదు. ప్రతి ఆకునూ కింద లైటున్న గాజుబల్ల మీద పరచి చూడాలి. బడి మొహం చూడని నాకు అమ్మమ్మ ఇంట్లో నేర్పిన చదువే అది. గంటసేపు ఏరితే, అందులో నాలుగాకులు తాంబాళమంత పళ్ళెంలో పెట్టి పంపేవారు. తిన్నవారు కడుపు నిండినట్టే లేచేవారు. ఆ పని ఇచ్చిన దేవుడికి ఇప్పటికీ రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

రెండో నియమం, మాంసం వండేచోట పాలు, పెరుగు గడప దాటి రాకూడదు. దానికి కాపలా పర్యవేక్షకుడు యాకోవ్ గారు, కోషర్ సర్టిఫికెట్ ఇచ్చే సంఘం పంపిన మనిషి. వంటగది తాళాలు ఆయన దగ్గరే. ఓనరైనా ఆయన తలుపు తీస్తేనే లోపలికి.

ఊరి చివర క్రాన్‌బర్న్‌లో ఉండే డాక్టరు గారి భార్య సుభద్ర గారు నాకు కేరమ్ డౌన్స్ గుడిలో పరిచయం. శాకాహారులు. అయినా మనవాళ్ళెవరూ అడుగుపెట్టని చోటికి తామే ముందు వెళ్ళాలని పెళ్ళిరోజుకి అక్కడ టేబుల్ బుక్ చేశారు. పెరుగు మాత్రం ఉండదండీ అని ఫోన్లో చెప్పాను. "నో ప్రాబ్లం, మేం అడ్జస్ట్ అవుతాంలెండి" అన్నారు. ఎందుకుండదో నేను చెప్పలేదు. అడ్జస్ట్ కావడమంటే ఇంట్లో తోడుపెట్టి తెచ్చుకోవడమని నాకు తట్టలేదు.

నేను హాల్లోకి వచ్చేసరికే పెరుగు అన్నంలో కలిసిపోయింది.

"అనసూయ గారూ, కాస్త ఊరగాయ చూడండి," అన్నారావిడ.

పక్క టేబుళ్ళవాళ్ళు ఫోర్కులు దించేశారు. గోడమీది సర్టిఫికెట్ ఊడిపోతే హోటల్ మూతే. ఓనరు వచ్చి, ఈ పెరుగును ఎవరు రానిచ్చారని అడిగాడు. తప్పు నాదేనన్నాను. రేపట్నించి రానక్కర్లేదన్నాడు.

యాకోవ్ గారు ఓనర్ని చేత్తో ఆపారు. ఆ పళ్ళెం, చెంచా మళ్ళీ వాడకూడదు గనుక తానే తీసి వేరే సంచిలో పెట్టారు. ఇంకో కప్పు అన్నం కాగితం ప్లేటులో తెచ్చి, బయట బెంచీ మీద తింటారా అని సుభద్ర గారిని అడిగారు.

"ఇంత పే చేసి రోడ్డు మీద తినాలా? మనవాళ్ళందరికీ చెప్తాను," అన్నారావిడ నాతో.

అంటూనే వెళ్ళి తిన్నారు. వాన పడుతుంటే యాకోవ్ గారు ఆవిడకి గొడుగు పట్టి నిలబడ్డారు. డాక్టరు గారు లోపల బిల్లు పరీక్షిస్తూ ఉండిపోయారు.

సంఘానికి పంపిన రిపోర్టులో యాకోవ్ గారు ఒక్కటే రాశారు: అతిథులకు గుమ్మం దగ్గరే చెప్పవలసిన బాధ్యత తనది, చెప్పలేదు. నా పేరు లేదు. వారం తిరక్కుండా ఆయన్ని ఒక రొట్టెల దుకాణానికి మార్చారు. సర్టిఫికెట్ గోడమీదే ఉంది. నేను మరో ఆరేళ్ళు ఆకులు చూసి రిటైరయ్యాను.

నేర్చుకున్నదేమంటే, నియమం చెప్పేటప్పుడు కారణం కూడా చెప్పాలి. ఉత్తగా ఉండదంటే మనవాళ్ళు మూటగట్టుకుని వస్తారు.

ఈసారి పెరుగన్నం కలుపుకునేటప్పుడు యాకోవ్ గారిని ఒకసారి తలుచుకోండి.