పిండితో చక్రం కొలిచే మేస్త్రి

చక్రాల మేస్త్రి చేతిలో పానా లేని రోజులున్నాయి గానీ, సంచిలో గోధుమపిండి ముద్ద లేని రోజు లేదు. పొద్దున్నే వంటింట్లోకి వెళ్లడం, భార్య కలిపి పెట్టిన పిండిలోంచి నిమ్మకాయంత గిల్లుకోవడం, చిన్న స్టీలు డబ్బాలో వేసుకుని షెడ్డుకు బయల్దేరడం, ముప్పై ఏళ్లుగా ఇదే వరస. అందుకే అందరూ ఆయన్ని పిండి మేస్త్రి అంటారు. వెక్కిరింతగా పుట్టిన పేరే. ఎప్పుడో అందులోంచి వెక్కిరింత రాలిపోయి మర్యాద మాత్రం మిగిలింది.

పాత కార్లకు కొత్త రకం పెద్ద బ్రేకులు వేయడం ఆయన పని. వాటితో వచ్చే చిక్కు ఒకటుంది. చక్రం వెనక తిరిగే ఇనుప పళ్లేన్ని రెండు వైపులా నొక్కి ఆపే దిమ్మ ఉంటుంది, క్యాలిపర్ అంటారు. పాత చిన్న చక్రంలో అది పట్టదు. చక్రం మార్చాలి. మార్చాక ఆ దిమ్మకూ చక్రం లోపలి గోడకూ మధ్య ఎంత సందు మిగిలిందో తెలియాలి. చక్రం బిగించేస్తే అక్కడికి కన్నూ పోదు, స్కేలూ పోదు. మేస్త్రి దిమ్మ మీద పిండి అతికించి, చక్రం ఎక్కించి, ఒక్క చుట్టు తిప్పి ఊడదీస్తాడు. అణిగిన పిండిని బ్లేడుతో కోసి మందం కొలుస్తాడు. మూడు మిల్లీమీటర్లకు తగ్గిందా, ఆ చక్రం ఆ బండికి పనికిరాదు. ఓనరు కాళ్లావేళ్లా పడ్డా అంతే, కేకలేసినా అంతే.

"మట్టి పెట్టొచ్చుగా మేస్త్రీ?" అని ఎవరైనా అడిగితే, "మట్టిలో ఒక్క ఇసుక పలుకున్నా కొలత పోయినట్టే. పిండయితే మా ఆవిడ జల్లించి కలుపుతుంది," అంటాడు.

ఆయన చదువు ఎనిమిదో తరగతిలో ఆగిపోయింది. ఆ మాట దాచడు, చెప్పుకోవడానికి నామోషీ పడడు. పెద్ద పెద్ద డిగ్రీల వాళ్లు ఫోనులో బొమ్మ చూసి కొనుక్కొచ్చిన చక్రాలు పదహారు ఆయన షెడ్డు వెనక గోడకు ఆనించి ఉన్నాయి. ఒక్కటీ ఏ బండికీ పట్టలేదు. వాటి మీద మేస్త్రి భార్య దుప్పట్లు ఆరేస్తుంది.

ఆ షెడ్డుకు ఒకరోజు డ్రాయింగ్ మాస్టారు తన లేతాకుపచ్చ కారు తెచ్చాడు. రిటైరైన మనిషి. కారు కూడా ఎప్పుడో రిటైరు కావలసిందే, ఆయన కానివ్వలేదు. వెంట బావమరిది వచ్చాడు. కారు దిగకముందే అతను మొదలెట్టాడు.

"మేస్త్రిగారూ, ఈ కారులో మా అక్క ఎక్కక ఏడాదైంది. మా బావని కాపాడే భారం మీదే."

సంగతేమిటంటే, కొండకు అవతలి వైపు మాస్టారి వదినగారి ఇల్లుంది. నెలకోసారి మొగుడూ పెళ్లాలు కారులో అక్కడికి వెళ్లొచ్చేవారు. కిందటేడు కొండ దిగుతుంటే పాత బ్రేకులు కాగి పట్టు వదిలేశాయి. మాస్టారు పెడలు మీద నిలబడ్డంత పనిచేసినా కారు ఆగలేదు. చివరికి రోడ్డు పక్క ఇసుక కుప్పలో దూరి ఆగింది. మాస్టారి భార్య లెక్కల టీచరు. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. తలుపు తీసుకుని దిగి, చీర దులుపుకుని, "ఇది ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగిన రోజు ఎక్కుతాను," అని బస్సెక్కి ఇంటికొచ్చింది. అప్పట్నుంచీ నెలనెలా ఆవిడ బస్సులో వెళ్తుంది. బస్సు వెనకే ఖాళీ కారు నడుపుకుంటూ మాస్టారు వెళ్తాడు.

"బస్సులో కండక్టరు కూడా అడిగాడంట, వెనక వచ్చే ఆయన ఎవరమ్మా, పోలీసులకు చెప్పమంటారా అని!" అన్నాడు బావమరిది.

మాస్టారు నవ్వలేదు. "ఈ నెలాఖరుకు ఆవిడ పక్క సీట్లో కూర్చోవాలి మేస్త్రీ. నాకింకేం అక్కర్లేదు."

మేస్త్రి కారు చుట్టూ తిరిగాడు. చక్రం పదమూడు అంగుళాలది. పెద్ద బ్రేకు పట్టే ప్రశ్నే లేదు. బావమరిది ఫోను తీసి మెరిసే చక్రం బొమ్మ చూపించాడు.

"పదిహేడు వేయించెయ్ బావా! వీధిలో నీ కారంటే నీ కారే."

మేస్త్రి సుద్దముక్కతో నేల మీద పెద్ద సున్నా గీశాడు. "బాబూ, ఇది ఇప్పుడున్న టైరు. ఈ బయటి గీత కదలకూడదు. కదిలితే స్పీడు ముల్లు అబద్ధాలు మొదలెడుతుంది, మలుపు తిప్పితే టైరు మడ్‌గార్డును గీరుతుంది. గీత కదలకూడదన్నప్పుడు లోపల ఇనుము పెరిగితే ఏం తగ్గాలి?"

"రబ్బరు," అన్నాడు మాస్టారు.

"అదీ. పదిహేడు పెడితే రబ్బరు మీకు ఇంతే మిగులుతుంది." మేస్త్రి మూడు వేళ్లు చూపించాడు. "గుంతలో పడితే దెబ్బ టైరు తినదు, మీ నడుము తింటుంది."

"మా బావకు నడుము కూడానా!" అని బావమరిది ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఇక మిగిలినవి పద్నాలుగు, పదిహేను. మాస్టారికి పద్నాలుగు మీదే మనసు. నలభై ఏళ్లు పిల్లల చేత గీతలు గీయించిన కన్ను ఆయనది. చక్రం ఎంత పెరిగితే ఆ కారు రూపు అంత మారిపోతుందని ఆయన బాధ. "ముఖం మారకుండా పళ్లు కట్టించుకోవాలి మేస్త్రీ, అంతే," అన్నాడు.

"మీ కన్ను సరే. పిండి ఒప్పుకుంటే నాదేం పోయింది?" అన్నాడు మేస్త్రి.

వారంలో కొత్త బ్రేకులు ఎక్కాయి. పద్నాలుగు అంగుళాల చక్రం తెప్పించి, డబ్బాలోంచి పిండి తీసి, దిమ్మ మీద అతికించి, తిప్పి ఊడదీశాడు. అణిగిన పిండిని ఒలిచి ఎండలో ఉన్న బానెట్ మీద పెట్టాడు. కోయబోతుంటే ఎవరో నడిరోడ్డు మీద ఆగిపోయారని కబురొచ్చింది. ముప్పావుగంట తర్వాత వచ్చి కోశాడు. ఐదు మిల్లీమీటర్లు! మాస్టారి మొహం వెలిగిపోయింది. చక్రాలు బిగించారు. మేస్త్రి నాలుగు వీధులు నడిపి చూశాడు. ఎక్కడ తొక్కితే అక్కడ ఆగింది. మాస్టారు కారు తీసుకుని వెళ్లిపోయాడు. మర్నాడే ప్రయాణం.

మర్నాడు పొద్దున మేస్త్రి షెడ్డు తెరిచి, రాత్రి అక్కడే మరిచిపోయిన సంచి విప్పాడు. డబ్బా మూత ఊడి పక్కకు పడి ఉంది. లోపలి పిండి ఉబ్బి అంచులు దాటి సంచిలోకి పొర్లింది. ముట్టుకుంటే దూదిలా ఉంది. పుల్లటి వాసన.

ముప్పై ఏళ్లలో ఆ పిండి ఎప్పుడూ అలా చేయలేదు.

ఇంటికి ఫోను చేశాడు. "నిన్న పిండిలో ఏం కలిపావ్?"

"ఈస్ట్ కలిపాను. మనవరాలు బన్ను కావాలంటే. నువ్వు చెప్పకుండా గిల్లుకుపోతావు, నేనేం చెయ్యను? నిన్న అడిగావా?"

అడగలేదు. ముప్పై ఏళ్లలో ఒక్కరోజూ అడగలేదు. ఎండలో ముప్పావుగంట పొంగిన పిండి చెప్పిన ఐదు అసలు ఎంత? మూడా? రెండా? ఒకటా? ఊళ్లో తిరిగితే ఏమీ కాదు. కొండ దిగేటప్పుడు బ్రేకు కాగి, మలుపులో చక్రం రవ్వంత వంగితే ఆ దిమ్మ చక్రాన్ని కోస్తుంది.

మాస్టారికి ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. ఎత్తలేదు.

ఇంకొకడైతే ఆ ఫోను ఎత్తనందుకు లోలోపల సంతోషించేవాడు. ఏమీ కాకపోవచ్చులే అనుకునేవాడు. మనలో చాలామందిమి అలాగే అనుకుని బతికేస్తున్నాం. మేస్త్రి స్కూటర్ మీద ముందు ఇంటికి వెళ్లాడు. ఉత్త పిండి, ఉత్త నీళ్లు, తన చేత్తో తనే కలుపుకున్నాడు. అక్కణ్నుంచి మాస్టారింటికి బండి ఎగిరింది.

వెళ్లేసరికి వీధిలో కారు తళతళలాడుతోంది. మాస్టారు ఇస్త్రీ చొక్కాలో స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. బావమరిది గేటుకు ఆనుకుని చూస్తున్నాడు. ఏడాది తర్వాత మొదటిసారి టీచరుగారి చెయ్యి కారు తలుపు మీద ఉంది.

"అమ్మా, ఎక్కకండి!"

చెయ్యి వెనక్కి పోయింది. మాస్టారి మొహం చూస్తే జాలేసింది. పోటీలో గెలిచాక బహుమతి లాక్కున్నట్టుంది.

మేస్త్రి నీళ్లు నమలలేదు. "తప్పు నాది. నిన్న నేను కొలిచింది కొలత కాదు," అని మొదలుపెట్టి ఈస్టూ బన్నూ ఎండా అన్నీ చెప్పాడు. బావమరిది నవ్వు ఆపుకోలేకపోయాడు. "అంటే మా బావ కాపురం బన్నులో పడిందా?"

"నువ్వు నోర్ముయ్," అంది టీచరుగారు. తర్వాత మేస్త్రి వైపు తిరిగి, "అసలు సందు ఎంత?" అని అడిగింది.

"తెలీదమ్మా. తెలీకే పరిగెత్తుకొచ్చాను."

జాకీ పెట్టి అక్కడే చక్రం విప్పాడు. పిండి అతికించి, బిగించి, తిప్పి, విప్పాడు. ఈసారి ఎక్కడా పెట్టలేదు, దిమ్మ మీదే కోశాడు. టీచరుగారు హ్యాండ్‌బ్యాగులోంచి తన స్కేలు తీసి, ఆ ముక్కను అందుకుని వెలుగులో పెట్టి చూసింది.

"రెండు కూడా లేదు."

మాస్టారు తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

"మీరు చెప్పకపోతే మాకు తెలిసేదా?" అని అడిగింది ఆవిడ.

"తెలిసేదమ్మా. కొండ దిగేటప్పుడు తెలిసేది."

టీచరుగారు స్కేలు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. తిట్టలేదు, మెచ్చుకోనూ లేదు. లోపలికి వెళ్లి బస్సుకు చిల్లర తెచ్చుకుని స్టాపు వైపు నడిచింది. ఆ నెల కూడా ఆవిడ బస్సులోనే వెళ్లింది. మాస్టారు మాత్రం వెనక వెళ్లలేదు. వెళ్లడానికి ఆయన కారుకు మూడు చక్రాలే ఉన్నాయి.

పది రోజుల్లో పదిహేను అంగుళాల చక్రాలొచ్చాయి, వాటికి సరిపడా కాస్త పొట్టి గోడల టైర్లతో. బయటి గీత కదలలేదు. మాస్టారి కన్నుకు మాత్రం నచ్చలేదు. మూడు కాగితాల మీద కారు బొమ్మ గీసి చూసుకుని, చివరికి చక్రాలకు కూడా లేతాకుపచ్చ రంగే తన చేత్తో వేశాడు. ఇనుము రంగులో కలిసిపోయి చక్రం చిన్నదిగా కనబడింది. "ముఖం మిగిలింది," అన్నాడు. మేస్త్రి పిండితో నాలుగు చోట్లా కొలిచాడు. ఎనిమిది మిల్లీమీటర్లు. ఇప్పుడు వంటింట్లో ఆయన ముద్దకు వేరే గిన్నె ఉంది. దాని మూత మీద భార్య 'బండ్ల పిండి' అని రాసి పెట్టింది.

ఇక మిగిలింది బరువు పరీక్ష. ఖాళీ కారులో తగలని టైరు, మనుషులెక్కి బండి కుంగాక స్టీరింగ్ పూర్తిగా తిప్పితే మడ్‌గార్డుకు తగలొచ్చు. మేస్త్రి మాస్టారింటి ముందు కారు నిలబెట్టి, "మనుషులు కావాలి," అన్నాడు. మాస్టారు స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. బావమరిది వెనక సీట్లో ఎక్కాడు.

"ఇటు పక్క తేలిగ్గా ఉంది," అన్నాడు మేస్త్రి ఎవరినీ చూడకుండా.

అరుగు మీద నిలబడ్డ టీచరుగారు మెట్లు దిగింది. "బరువు కోసమే," అని వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

మేస్త్రి నేల మీద బోర్లా పడుకుని టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య దినపత్రిక ముక్క దూర్చాడు. "ఎడమకు... పూర్తిగా... ఇప్పుడు కుడికి." కాగితం ఎక్కడా నలగలేదు. లేచి చొక్కా దులుపుకున్నాడు. "అయిపోయిందమ్మా. దిగొచ్చు."

టీచరుగారు దిగలేదు. ముందున్న రోడ్డు వంక చూస్తూ హ్యాండ్‌బ్యాగు ఒళ్లో సర్దుకుంది.

"ఏవండీ, పోనివ్వండి. ఆగమన్న చోట ఆగుతుందో లేదో చూడాలిగా."

మాస్టారు కారు కదిలించాడు. నాలుగిళ్లు దాటగానే, "ఆపండి!" అని వినిపించింది. ఆగింది. మళ్లీ కదిలింది. మందుల షాపు ముందు, "ఆపండి!" ఆగింది. మేస్త్రి నడిరోడ్డు మీద నిలబడి చెవి ఒగ్గి విన్నాడు. గీరుకున్న చప్పుడు లేదు, కీచుమన్న చప్పుడు లేదు. ఆ చప్పుడు లేకపోవడమే ఆయన సంపాదన.

వీధి చివర కారు కొండ దారి వైపు మలుపు తిరిగింది. వెనక కిటికీలోంచి బావమరిది తల బయటికొచ్చింది.

"అక్కా, బరువు చూడటం అయిపోయింది కదా! నన్ను దించండి! ఆపు బావా!"

కారు ఆగలేదు. ఆగమన్నది టీచరుగారు కాదు మరి.