గడ్డ తెచ్చిన తంటా

బతికుండగానే తన పట్టుచీర దానం చేసేసిన మహాతల్లిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే జహీరాబాద్ రండి, నన్ను నేనే చూపిస్తాను.

నాకు రొమ్ములో గడ్డ వచ్చింది. క్యాన్సర్ అన్నారు, ఆపరేషన్ చేసి తీశారు. అది ఇంకెక్కడికైనా పాకిందా అన్న రిపోర్టు కోసం పది రోజులుగా ఫోన్‌కు కాపలా కాస్తున్నాను. అందరి ముందూ "నాకేం ఫికర్ లేదు" అని బడాయి. ఫోన్ మోగితే మాత్రం నా ప్రాణం చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్లొచ్చేది.

ఆ పొద్దున కొత్త నంబరు మోగింది.

"అమ్మా, మీ గడ్డ కోసి చూసినం" అన్నాడు ఎవరో పెద్దమనిషి. "పైకి మంచిగనే ఉంది. లోపల కుళ్లు పాకింది."

"ఎంత దాంక సార్?"

"సగం దాంక."

"ఇంకెన్ని రోజులు..."

"వారం. ఎండ ముదిరితే గదీ కష్టమే. మీ ఆయనకు చెప్పి జల్ది బండి పంపుండ్రి."

బండి కూడానా! ఫోన్ పెట్టేశాను.

డాక్టరు అలా మాట్లాడతాడా అని మీరడగొచ్చు. భయపడ్డవాళ్లకు ఆ తెలివుంటే ఇంకేం! ఆలు లేదు, చూలు లేదు అన్నట్టు చేతిలో రిపోర్టే లేదు, నేను మాత్రం నా దినాలకు వంటలు కూడా ఖాయం చేసేశాను. ఇక మిగిలింది ఒక్కటే పాపం, పక్కింట్లో ఉండే తోడికోడలు సువర్ణ. చుట్టాల పెళ్లికి కట్టుకుంటానని నా ఆకుపచ్చ పట్టుచీర అడిగితే ఇవ్వలేదు. రెండేళ్లుగా మాటల్లేవు. చీర చంకన పెట్టుకుని పరుగెత్తాను.

"సువర్ణా, గిది నువ్వే కట్టుకో. నేను వారమే ఉంట."

సువర్ణ చీర పక్కన పడేసి నన్ను పట్టుకుంది. "నోరు ముయ్యక్కా! గట్లెట్ల పోతవ్? నేను పోనిస్తనా?"

ఇద్దరం బావురుమన్నాం. పది రోజులు దాచిన భయమంతా దాని భుజం మీద పెట్టి ఏడ్చాను. ఎంత తేలికపడ్డానో!

మళ్లీ అదే నంబరు. సువర్ణ ఫోన్ లాక్కుంది. "ఎవరయ్యా నువ్వు? మా అక్కకు గిట్ల చెప్పనీకి నోరెట్లొచ్చింది?"

"మార్కెట్ మండీలకెల్లి మాట్లాడుతున్నమ్మా! మల్లేశం ఏసిపోయిన అల్లంగడ్డ మురుగుతుంది. వాపస్ తీస్కపోను బండేది?"

మల్లేశం అంటే అల్లం పండించే మా ఆయనే. మండీలో నా నంబరు ఇచ్చొచ్చాడు.

దవాఖాన నుంచి అసలు ఫోన్ సాయంత్రం వచ్చింది. ఎక్కడికీ పాకలేదు. మందు ఎక్కించాలి, జుట్టు ఊడుతుందన్నారు. ఊడితే ఊడనీ అన్నాను, ఈసారి బడాయి కాదు.

"ఇగ నా చీర తే" అన్నాను సువర్ణతో.

"ఇచ్చింది వాపస్ అడుగుతరా అక్కా? గదే కట్టుకొని నీతోని దవాఖానకొస్త."

అన్నట్టే ప్రతిసారీ వచ్చింది. ఆ వార్డులో పట్టుచీర కట్టుకుని కూర్చున్నది మా సువర్ణ ఒక్కతే.

ఆ ఫోన్లు వచ్చిన నాడే అల్లం మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను: ఇక ఎవరు ఫోన్ చేసి ఏం చెప్పినా సరే, "ఏ గడ్డ?" అని అడగకుండా చావను.