పంపుకు పచ్చరంగు

మోటారు బాబాయి అసలు పేరు కాలనీలో ఎవరికీ గుర్తులేదు. గుట్టమీది ఇళ్లకు నీళ్లెక్కించే పంపుహౌసులోనే ఆయన సగం జీవితం గడిచింది. "నన్ను కాదు, ఆ పంపునే కట్టుకున్నాడు" అని పెళ్లాం దెప్పేది. ఆయన కాదనేవాడు కాదు.

పంపు ముసలిదైపోయింది. బేరింగులు అరిగి మూలిగేది. అభివృద్ధి బ్యాంకు అప్పుతో కట్టిన పథకం కాబట్టి కొత్త పంపు వాళ్లే మంజూరు చేయాలి. అప్పట్లో ఆ బ్యాంకుకు మా దేశంలోనే ఆఫీసు ఉండేది. అక్కడి ఇంజనీరమ్మ ఏటా వచ్చి, పంపుకు చెవి ఆనించి వినేది. ఆవిడ వస్తోందంటే బాబాయి అంతా కడిగి, పంపుకు పచ్చరంగు వేసేవాడు. చుట్టం వస్తుంటే మాసిన గుడ్డలతో ఎదురెళ్తామా? ఆవిడ నవ్వేది. "రంగు బావుంది బాబాయ్, ప్రాణమే బాలేదు. వచ్చే ఏడు కొత్తది ఇప్పిస్తా" అంది చివరిసారి.

వచ్చే ఏటికి ఆవిడే లేదు. బ్యాంకును పునర్వ్యవస్థీకరిస్తున్నారట. ఖర్చు తగ్గించాలని మాలాంటి చిన్న దేశాల్లో ఆఫీసులు మూసేసి, పనంతా సముద్రాల అవతల ఒక్కచోటికి చేర్చారు. ఇంజనీరమ్మ ఉద్యోగం ఊడింది. ఇక ఎవరూ రారు, ఫొటోలు పంపితే చాలన్నారు. మునిసిపాలిటీ గుమాస్తా ఫొటో తీయడానికి వస్తున్నాడని తెలిసి బాబాయి ఈసారి రెండు పూతలు వేశాడు. చూసేది పరాయి దేశంవాళ్లు మరి!

చూశారు. యంత్రం భేషుగ్గా ఉంది, మార్చనక్కర్లేదని తేల్చి, ఆ డబ్బు ఇంకో దేశానికి మళ్లించారు. పైన పటారం, లోన లొటారమని ఫొటో చెబుతుందా? బాబాయి తన చేతుల్నే తిట్టుకున్నాడు. నన్నడిగితే, చెవులు తీసేసి కళ్లు మాత్రం ఉంచుకున్న ఆ బ్యాంకును ముందు తిట్టాలి.

ఎండలు ముదిరాక పంపు ఒక్క కేకపెట్టి ఆగిపోయింది. గుట్టమీద కాపురముంటున్న ఆయన కూతురు, పచ్చి బాలింత, కింది నుంచి నీళ్లబిందె చంకన పెట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది. జనం పంపుహౌసు ముందు గుమిగూడారు.

"నిగనిగలాడుతోంది, దీనికేం రోగం? ఈయనకే ఒళ్లు వంగట్లేదు!"

బాబాయి పానా పట్టుకుని తలొంచుకున్నాడు. ఇంతలో కూతురు ఖాళీ బిందెతో లోపలికొచ్చింది. పంపును కాసేపు చూసింది.

"చూడ్డానికి బాగానే ఉందిగా నాన్నా. ఎందుకు నడిపించవు?"

బాబాయి పానా కింద పెట్టాడు. ఆమె చేతిలోని బిందె అందుకుని బయటికి నడిచాడు. గుమ్మం ముందున్నవాళ్లెవరూ పక్కకు జరగలేదు.